తోకచుక్క మూతపడ్డ రోజు

"మిగతా రైడ్లు మాకెందుకమ్మా? మా టికెట్ డబ్బులు మాకిచ్చెయ్యి, వెళ్లిపోతాం," అంది డార్లా.

వినోదాల పార్కు టికెట్ల కిటికీ అవతల కోరా అనే అమ్మాయి ముఖం మీద నవ్వు చెదరలేదు. "గాలి ఎక్కువగా ఉంది మేడమ్. తోకచుక్క రోలర్‌కోస్టర్ ఇవాళ్టికి నడవదు. సారీ."

సారీ అట! ఫ్లోరిడా ఎండలో వరసలో నిలబెట్టి, తీరా ముందుకొచ్చాక గొలుసు అడ్డం కట్టేసి సారీ అంటే ఒళ్లు మండదూ? కెంటకీ నుంచి రెండు రోజులు కారు తోలుకుంటూ వచ్చింది డార్లా. తొమ్మిదేళ్ల జోసీ ఆ రైడుకి ఎత్తు చాలాలని ఏడాదిగా వంటింటి గోడ మీద గీతలు గీసుకుంటోంది. ఇప్పుడు తల్లి చెయ్యి పట్టుకుని, ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్లతో నిలబడింది.

టికెట్ మనిషికి నూట తొమ్మిది డాలర్లు. వృద్ధాశ్రమంలో వంట చేసి కూడబెట్టిన డబ్బు. పైగా కారు వెనక టైరు నున్నగా అరిగిపోయింది. దాని మీద కొండదారుల్లో పోతే ప్రాణాలకే ముప్పని వచ్చే దారిలో జార్జియాలో ఒక మెకానిక్ చెప్పాడు. ఈ డబ్బు చేతికొస్తే ముందు టైరు మార్పించాలని ఆమె ఆలోచన.

"అదిగో, బోర్డు మీద మీరే రాశారుగా. తోకచుక్క నడవని రోజు అడిగినవాళ్లకి డబ్బు వాపసని!" వేలు పెట్టి చూపించింది.

కోరా నిట్టూర్చింది. "సరే మేడమ్. టికెట్లు ఇలా ఇవ్వండి."

"ఆగండాగండి! ఏమిటీ అన్యాయం?" వెనకనుంచి బొంగురు గొంతు ఒకటి లేచింది.

అరవై దాటిన మనిషి. గడ్డి టోపీ, దళసరి అడుగు నల్లబూట్లు, బుగ్గన గొంతునొప్పి బిళ్ల. "నా పేరు లైల్. మనవరాళ్లని రంగులరాట్నం దగ్గర వదిలొచ్చాను. ఇంత ఘోరం చూస్తూ ఊరుకోలేను తల్లీ!" అని డార్లాతో చెప్పి, కిటికీ మీద చెయ్యి చరిచాడు.

"టికెట్ డబ్బు మొహాన కొట్టి పొమ్మంటారా? మరి పార్కింగు ముప్ఫై అయిదు ఎవడిస్తాడు? గ్లాసు నిమ్మరసం పన్నెండు డాలర్లా? సగం ఐసుముక్కలేనే! ఈ పసిదాని ఏడుపుకి ఖరీదెంత కడతారు? పిలు మీ పెద్దాయన్ని!"

"పిలు! పిలు!" వరస మొత్తం అరిచింది. డార్లా అతని పక్కకి జరిగి నిలబడింది. పొద్దున్నుంచి ఆమె తరఫున ఒక్క మాట అన్నవాడు ఇతనే.

మేనేజరు విట్‌కోంబ్ కిటికీ పక్క తలుపు తీసుకుని పరుగున వచ్చాడు. చేతులు కట్టుకుని తిట్లన్నీ విన్నాడు. "మీ కోపం న్యాయమే సార్. ఇక్కడున్న అందరికీ ఇంకో రోజుకి ఉచితంగా టికెట్. ఏడాదిలోపు ఎప్పుడొచ్చినా సరే."

లైల్ ఆయన తీసిన కట్టలోంచి ఒక టికెట్ లాక్కుని పైకెత్తి చూపించాడు. "దీని మీద ధర చూశారా? నూట నలభై తొమ్మిది! మనం పెట్టింది నూట తొమ్మిది. మనిషికి నలభై లాభం! ముక్కుపిండి వసూలు చేశాం!"

చప్పట్లు మోగాయి. జనం టికెట్ల కోసం ఎగబడ్డారు.

"నాకు... డబ్బే ఇస్తే..." డార్లా గొణిగింది.

"అయ్యో పిచ్చితల్లీ! నూట తొమ్మిది కోసం నూట నలభై తొమ్మిది వదులుకుంటావా? నీకోసమేగా ఇంతసేపూ గొంతు చించుకున్నాను!"

"తీసుకోవమ్మా, మంచి బేరం," అన్నారు వెనకవాళ్లు. ఇంత చేసిన మనిషి మాట కాదంటే ఏం బాగుంటుంది? డార్లా రెండు టికెట్లూ అందుకుంది.

"ఇవి తీసుకుంటే ఇక డబ్బు వాపసు ఉండదు మేడమ్," అంది కోరా, తలెత్తకుండా.

డార్లా లైల్‌ని గట్టిగా కావలించుకుంది. "మీరు లేకపోతే మమ్మల్ని పురుగుల్లా చూసేవాళ్లు." అతను జోసీ చేతిలో ఒక బిళ్ల పెట్టి తల నిమిరాడు.

పార్కింగులో జోసీ అడిగింది. "అమ్మా, మళ్లీ ఎప్పుడొస్తాం?"

"వస్తాంలే." ఇంకో రెండేళ్లదాకా తనకి సెలవు దొరకదని డార్లాకి తెలుసు. వంగి టైరు తడిమి చూసుకుంది. లోపలి తీగలు వేళ్లకి గుచ్చుకున్నాయి. "మెల్లగా పోదాం. నువ్వు బెల్టు గట్టిగా పెట్టుకో."

"ఆ తాత మంచోడు కదమ్మా?"

"చాలా మంచోడు. మనకోసం అరవడానికి ఒక్కడన్నా ఉన్నాడు," అని కారు స్టార్టు చేసింది.

అక్కడ కిటికీ ముందు వరస ఖాళీ అయింది. లైల్ కొత్త బిళ్ల ఒకటి బుగ్గన పెట్టుకుని, మేనేజరు వెళ్లిన తలుపు తోసి లోపలికి తొంగిచూశాడు.

"రేపు కూడా ఇదే కిటికీ దగ్గర అరవాలా, సార్?"