గోరింటాకు టోపీలు

ఆషాఢం వచ్చింది కదా అని మనవరాలు మేదినికి గోరింటాకు పెడుతున్నాను. ఒక్కో వేలికీ ఒక్కో టోపీ పెట్టడం మా అమ్మ నేర్పిన పద్ధతి. మేదినికి బొటనవేలు పోను మిగతా నాలుగూ కలిసిపోయి పలకలా ఉంటాయి. రెండు టోపీలతో చెయ్యి అయిపోయింది. దాని బడిలో పిల్లలందరి చేతులూ అంతే.

"అమ్మమ్మా, నీ వేళ్లను చీల్చిందెవరు?"

"ఎవరూ చీల్చలేదే. అమ్మ కడుపులో ఉన్నప్పుడే ఆ సందుల్లోని కణాలు వాటంతటవే చచ్చిపోయాయి."

"మరి నావి?"

కణానికి చావు కబురు చెప్పేది దాని లోపలి మైటోకాండ్రియానే. దాని నోరు నొక్కే చుక్కల మందు కనిపెట్టింది నేనే. ఆ చుక్క వేసుకుంటే కణాలు చావవు, అందుకే ఇప్పుడు ఊళ్లో ఎవరి మొహానా ముడత లేదు. నాకు కప్పిన శాలువాలకు బీరువా చాలడం లేదు.

వంటింట్లో నా కూతురు భార్గవి ఆ మందు సీసా మూత తీస్తోంది. దానికి మళ్లీ రెండో నెల.

"ఈ ఒక్క నెలా మానెయ్యవే," అన్నాను.

"మానేస్తే మొహం వేలాడిపోదూ? ఆఫీసులో ఎవరుంచుతారమ్మా? అయినా విడి వేళ్లతో పుడితే బడిలో ఏడిపించరూ?" అంటూ నాలుక మీద చుక్క వేసుకుంది.

మేదిని రెండో చేత్తో నా వేళ్ల సందులు తడుముతూ, "నొప్పి పుట్టిందా అమ్మమ్మా?" అంది.

"అప్పుడు పుట్టలేదమ్మా," అన్నాను.