పొడుగు స్క్రూ

“షాపతను పొట్టి స్క్రూలు చాలన్నాడుగా?” బేస్‌మెంట్ మెట్లమీంచి అడిగింది లోర్నా.

“వాడికేం తెలుసు? చెక్క కదలకూడదంటే కాంక్రీటులోకి లోతుగా దిగాలి,” అంటూ ఆమె భర్త వెండెల్ నేలమీద పరిచిన మొదటి చెక్క పలకకి పొడుగు స్క్రూ బిగించాడు.

“ఆ నేల చలికాలంలోనూ ఎందుకు వెచ్చగా ఉంటుందో ఎప్పుడైనా ఆలోచించావా?”

“మంచి కాంక్రీటు!”

పలక కింద బుస్సుమంది. స్క్రూ చుట్టూ వేడినీళ్లు ఊరాయి. వెండెల్ కంగారుగా దాన్ని విప్పబోయాడు.

“ముట్టుకోకు! ఇల్లు వెచ్చబెట్టడానికి నేలలో వేసిన వేడినీటి గొట్టానికి ఇప్పుడదే బిరడా!”

లోర్నా హీటింగ్ ఆపేసి ప్లంబర్‌కి ఫోన్ చేసింది. మిన్నెసోటా రాష్ట్రమంతా మంచు తుఫాను, రేపటిదాకా రాలేనన్నాడతను.

వెండెల్ కింద నేల మెల్లగా చల్లబడింది.

“ఇప్పుడర్థమైందా?”

“అయింది,” అన్నాడు వెండెల్, వణుకుతూ. “కానీ నువ్వే చెప్పు, పొట్టి స్క్రూ అయితే గొట్టాన్ని ఇంత గట్టిగా మూసేదా?”