బ్యాటరీ లేని బండి

మేనకోడలు రెజీనా ర్యాలీ జీపుకు కొత్త ఆయిల్ కూలర్ బిగించాలని శాంతిరాజ్ రాత్రి గోదావరిఖనిలోని తన షెడ్డు తెరిచాడు. కిందటి పోటీలో ఆయిల్ కాగిపోయి ఇంజన్ పట్టేసింది. నెల రోజులు కష్టపడి దాన్ని బాగుచేశాడు. కూలర్ బిగించేదాకా స్టార్ట్ చేయొద్దని రెజీనాకు వందసార్లు చెప్పాడు.

ఇంజన్ మీద చెయ్యి పెట్టగానే చురుక్కుమంది. ఆయన ఒళ్లు మండిపోయింది. వెంటనే ఫోన్ చేశాడు.

"ఏమే, నాకు చెప్పకుండ బండి తీసినవా? మళ్ల ఇంజన్ పాడు చేస్తవా?"

"నేనెట్ల తీస్త మామా? బ్యాటరీ మా ఇంట్లనే చార్జింగుల ఉన్నది!"

"అబద్ధాలాడకు!" అని అరుస్తూనే టార్చి వేశాడు. బ్యాటరీ ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది.

ఫోన్ కట్ చేయకుండానే పక్కన పెట్టి, బండి నడిపాకే బ్యాటరీ తీసుకెళ్లి ఉంటుందని తిట్టుకుంటూనే కూలర్ బిగించి పైపులు కలిపాడు. అందులోకి ఇంకా ఆయిల్ చుక్క కూడా పోలేదు. అయినా పట్టుకున్న పైపు వేడెక్కుతోంది.

ఫోన్‌లో రెజీనా అరిచింది. "నన్ను తిట్టి నువ్వెందుకు స్టార్ట్ చేసినవ్ మామా? బంద్ చెయ్! ఆ మోతకు నీ మాటే వినపడ్తలేదు!"

షెడ్డులో ఏ చప్పుడూ లేదు. ఆయన చేతిలో పైపు మాత్రం అదురుతోంది.