అధికమాసంలో కొత్త ముఖం

“ఆఖరి బట్టలు కుట్టించుకోమంటే కళ్ళు కుట్టించుకుంటానంటావేంటమ్మా?”

ఉన్హా నవ్వుతూనే అడిగింది. తల్లి ఒక్సన్ నవ్వలేదు. డాక్టరు గది బయట బెంచీ చివర, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎదురుగా గోడ నిండా ముఖాలే. ప్రతి ముఖమూ రెండేసి సార్లు. ముందు ఇలా, తరువాత అలా.

అది అధికమాసం. ఆ నెలలో పైవాళ్ళకు, దేవుళ్ళకైనా పోయినవాళ్ళకైనా, కిందివాళ్ళ మీద చూపు ఆనదని సియోల్‌లో పెద్దవాళ్ళ నమ్మకం. సమాధి కదిలించాలన్నా, ముసలివాళ్ళకు పోయాక తొడిగే ఆఖరి బట్టలు కుట్టించి ఉంచాలన్నా ఆ నెల కోసమే ఆగుతారు. ఉన్హా కూడా ఆగి, తల్లికి నార బట్టలు కుట్టించింది. అవి ఒంటికి ఆనించి చూసుకున్న రోజే ఒక్సన్ నోరు తెరిచింది.

“ముఖం మార్పించుకుంటానే. కళ్ళు ముఖ్యంగా. ఈ నెల దాటకూడదు.”

“డెబ్బయ్యేళ్ళకా? ఎవరికోసం?”

“మీ నాన్న దగ్గరికి వెళ్ళాలిగా.”

 తండ్రి తేసిక్ లారీ బోల్తా పడి పోయేనాటికి ఉన్హా ఇంకా పాలు తాగే పిల్ల. ఊళ్ళో కొండ మీద ఆయన సమాధి పక్కన తల్లి కోసం చోటు అప్పటినుంచీ ఖాళీగానే ఉంది. పెదనాన్న ఏటా గడ్డి కోయించేటప్పుడు ఆ చోటు కూడా శుభ్రం చేయిస్తాడు.

“అయినా ఇప్పుడెందుకు పుట్టింది నీకీ ఆలోచన?” బెంచీ మీద మళ్ళీ కదిపింది ఉన్హా.

“మా యంగ్జా లేదూ, కళ్ళు చేయించుకొచ్చింది. మొన్న లిఫ్టులో పక్కన నిలబడి పలకరిస్తే ఎవరో అనుకున్నాను. పాతికేళ్ళ స్నేహం. పోల్చుకోలేకపోయాను.”

“అదా సంగతి! కుళ్ళు! మీ పెద్దల క్లబ్బులో ఇప్పటికే సగం మంది ఒకే అచ్చులో పోసినట్టుంటారు. నువ్వు కూడా చేయించుకుంటే పేకాటలో ఎవరు ఎవరికి ముక్క వేస్తున్నారో తెలియదు.”

ఒక్సన్ పెదవి కొద్దిగా కదిలింది. అంతే.

నార బట్టలు ఇంటికొచ్చినప్పటినుంచీ ఆమెకు నిద్ర సరిగా లేదు. మధ్యాహ్నం కునుకు పట్టగానే గుమ్మంలో చెప్పులు విడిచిన చప్పుడు. వెంటనే సిగరెట్టు వాసన. కళ్ళు తెరిస్తే ఎవరూ ఉండరు. లేచి వెళ్ళి గడియ తడిమి చూసుకుంటుంది. ఇది కూతురికి ఒక్కసారే చెప్పింది.

“నాన్న కలలోకి వస్తున్నాడేమో,” అంది ఉన్హా ఇప్పుడది గుర్తొచ్చి మెత్తగా. “నాకు ఆయన ముఖమే గుర్తులేదమ్మా. ఫొటోలో చూడ్డం తప్ప. నీతో ఎలా మాట్లాడేవాడు?”

ఒక్సన్ చేతిసంచీ పట్టీని వేలికి చుట్టుకుంది.

“‘నువ్వెక్కడికి పోయినా, ఎంతమందిలో దూరినా, ఆ కళ్ళు చూసి పట్టేస్తా’ అనేవాడు.”

“అబ్బో! మా ఆయనైతే రైల్వేస్టేషన్‌లో నేను తప్పిపోయినా ముందు సూట్‌కేసు వెతుక్కుంటాడు.” ఉన్హా తల్లి భుజానికి తల ఆనించింది. “ఇంత ప్రేమ పెట్టుకుని, ఒకప్పుడు ‘నన్ను కాల్చి బూడిద నదిలో కలిపెయ్యండి’ అనేదానివి. మాకు శ్రమ అని కదూ? పెదనాన్న ఎంత ఎగిరిపడ్డాడో! మొగుడి పక్కన కాక ఇంకెక్కడ ఉంటుందని. అక్కడ నాన్న ఒక్కడే ఇన్నేళ్ళుగా ఎదురుచూస్తున్నాడమ్మా.”

“అవును. చూస్తూనే ఉంటాడు.”

నర్సు పిలిచింది.

డాక్టరు చిన్నవాడు. మాట నెమ్మది. పరీక్షగా చూడటానికి ముందుకు వంగి చెయ్యెత్తాడో లేదో, ఒక్సన్ ఒక్కసారిగా వెనక్కి జరిగింది. కుర్చీ కాళ్ళు నేల మీద కీచుమన్నాయి.

“భయం లేదమ్మగారూ. రెప్ప ఎంత వాలిందో చూస్తానంతే.”

“ఇంజెక్షనంటే కూడా ఇంతే డాక్టర్,” అంది ఉన్హా.

డాక్టరు రెప్పలు ఎత్తి చూశాడు. కళ్ళకింద ఉబ్బు నొక్కి చూశాడు. చెంపలు చెవుల వైపు లాగి చూశాడు. ఈ వయసులో మత్తు మందుకు ముందు గుండె పరీక్షలు చేయించాలన్నాడు. తొందరేమీ లేదు, చలికాలం వచ్చాక చేయించుకుంటే గాయం త్వరగా మానుతుందన్నాడు.

“ఈ నెలలోనే బాబూ. ఈ నెల దాటితే చేయించుకుని లాభం లేదు.”

డాక్టరు ఉన్హా వైపు చూశాడు. ఉన్హా సంగతంతా చెప్పింది. అధికమాసం, కొండ మీది సమాధి, పక్కన ఖాళీ చోటు, కళ్ళు చూసి పట్టేస్తానన్న మాట. వింటూ వింటూ ఆయన ముఖంలో ఏదో కరిగింది. వెంటనే ఒక్సన్ ముఖాన్ని ఫొటో తీసి కంప్యూటర్‌లో పెట్టి, గీతలు చెరుపుతూ, రెప్పలు పైకెత్తుతూ చాలాసేపు పనిచేశాడు. చివరికి తెరను ఆమె వైపు తిప్పాడు.

ముప్ఫయ్యేళ్ళ ఒక్సన్. పెద్ద కళ్ళు. కొంచెం తడిసినట్టుండే చూపు. అప్పటి ముఖానికి ఏమీ తేడా లేదు.

“మీరు ఎన్ని వేలమందిలో ఉన్నా మీవారు ఇట్టే గుర్తుపడతారు,” అన్నాడు డాక్టరు.

ఉన్హాకి దుఃఖం ఆగలేదు. ముఖం కడుక్కొస్తానని బయటికి వెళ్ళింది. తలుపు మూసుకుంది.

ఒక్సన్ తెరమీది ముఖాన్ని రెప్ప వాల్చకుండా చూసింది.  డాక్టరు మంచినీళ్ళ గ్లాసు ముందుకు జరిపాడు. ఆమె అందుకోలేదు.

“ఇది వద్దు బాబూ,” అంది తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు బాగా తగ్గించి, “పక్కనే పడుకోబెట్టినా ఆయన నన్ను పోల్చుకోలేని ముఖం కావాలి.”