సమ్మవ్వ పూచీ ఎవరిది?

“...గందుకే చెప్తున్న పెద్దమ్మా, జడ్జి దొర ఏమడిగినా తెల్వదను. తెలిసినా తెల్వదనే అను.”

“తెలిసినదాన్ని తెల్వదని ఎందుకనాలెరా? నాకేమన్న పిచ్చా?”

“పిచ్చని చెప్పుటానికే కద కోర్టుకొచ్చింది!”

కోర్టు వరండాలో ఎల్లేశం తల పట్టుకున్నాడు. సమ్మవ్వ అతని తల్లికి అక్క. గుడిసెలో ఒక్కతే ఉంటుంది. చలి పెడితే చాలు, తలుపు బిగించుకుని బొగ్గుల పొయ్యి రాజేస్తుంది. మొన్న ఇరుగుపొరుగు తలుపు పగలగొట్టి పొగలోంచి లాగకపోతే ప్రాణం అప్పుడే పోయేది. బాయి కంపెనీ తనకిచ్చిన కోటరుకు రమ్మంటే, “నా పొయ్యి నాకుండంగ నీ పంచన పడుండాల్నా?” అంటుంది. ఆమెకు ఎల్లేశమే పూచీ అని కోర్టు రాసిస్తే, ఇష్టమున్నా లేకున్నా తీసుకుపోవచ్చని వకీలు చెప్పాడు.

చిక్కల్లా ఒక్కటే. పూచీ పడేవాడికి నౌకరీ, ఇల్లు ఉండాలి. ఎల్లేశానికి రెండూ ఉన్నాయి, కానీ రాయమల్లు పేరు మీద. జైపూర్ రాయమల్లుకు బొగ్గుబాయిలో పని దొరికింది గానీ, భూమి లోపలికి దిగడానికి జడిసి తన పేరు మీద ఎల్లేశాన్ని దింపాడు. బాయిల మీద ఇలాంటి మారుపేర్లు మామూలే. అందుకే అర్జీ కూడా రాయమల్లు పేరుతోనే పెట్టాడు. ఆ సంగతి పెద్దమ్మకు చెప్పడం మాత్రం మరిచాడు.

లోపలి నుంచి పిలుపు వచ్చింది.

“అవ్వా, ఇవాళ ఏం వారం?” అన్నాడు జడ్జి.

“బేస్తారం. నిన్న బుధారం, రేపు శుక్కురారం. ఇంకేమన్న కావాల్నా?”

‘తెల్వదను’ అని ఎల్లేశం సైగ చేశాడు.

“ఈ అబ్బాయి నీకేమవుతాడు?”

“నా చెల్లె కొడుకు, ఎల్లేశం.”

జడ్జి అర్జీ చూశాడు. “ఇక్కడ రాయమల్లు అని ఉందే?”

“చూసిన్రా దొరా!” ఎల్లేశం ఎగిరి అందుకున్నాడు. “నన్నే గుర్తువడ్తలేదు. గిసొంటి మనిషిని ఒంటిగ ఎట్ల ఇడ్సిపెడ్తం?”

“నీ నోట్లె మన్నువడ! నా చేతుల మీద పెరిగినోన్ని గుర్తువట్టనారా?”

జడ్జి అతని వైపు తిరిగాడు. “మీ నాన్న పేరు?”

“ఆగ...” సొంత తండ్రి పేరు సగంలో ఆపి, రాయమల్లు తండ్రి పేరు అందుకున్నాడు. “సదయ్య.”

“వయసు?”

“నలభై ఆరు.”

మీసం కూడా సరిగా రాని ఆ ముఖాన్ని జడ్జి ఎగాదిగా చూశాడు. “నలభై ఆరా?”

“బాయిల నలభై ఆరు దొరా. ఇంటికాడ ఇరవై రెండు.”

కోర్టంతా గొల్లున నవ్వింది.

“అసలు నీ పేరేమిటయ్యా?”

“డ్యూటీల ఉన్నప్పుడా దొరా, దిగినంకనా?”

“పోలీసుల్ని పిలవనా?”

అది బాయి మీది మారుపేరని సమ్మవ్వకు అప్పుడు వెలిగింది. పిల్లాడి నౌకరీ ఊడేలా ఉంది. గబగబా వచ్చి అతని భుజం మీద చెయ్యి వేసింది.

“రాయమల్లే దొరా ఈడు. ముద్దుకు ఎల్లేశమని పిలుస్త. పాపం, బొగ్గుపొగ తలకెక్కింది. గిట్లనే ఆగమైతడు. నేను పెడ్తేనే బువ్వ తింటడు.”

“నిజమేనా?” అన్నాడు జడ్జి.

ఎల్లేశం చేతులు కట్టుకున్నాడు. “నిజమే దొరా. నాకు పిచ్చే.”

సాయంత్రానికి ఆర్డరు చేతికొచ్చింది. అవ్వ నిక్షేపంగా ఉంది, మతి చలించింది అర్జీదారుకే. ఇకమీదట అతన్ని ఒంటరిగా వదలక, వెంట ఉండి చూసుకోవలసిన పూచీ ఆమెదే.

“పా, నీ కోటరుకు పోదాం. నిన్ను ఒక్కన్ని ఇడ్సిపెడ్తె జడ్జి నన్ను తిడ్తడు,” అంది మారుపేరు కథంతా విన్న సమ్మవ్వ.

“పొయ్యి మాత్రం బయటనే పెట్టాలె పెద్దమ్మా.”

“పెట్టుకో. పిచ్చోని మాట ఇనకపోతె పిచ్చి ఇంకింత ముదురుతదట.”

“డ్యూటీ పోతదేమో?”

“పిచ్చోల్లందరిని తీసేస్తె బాయిలు ఎట్ల నడుస్తయిరా? నీ డ్యూటీ ఫికరొద్దు గని, జల్ది జైపూర్ పోయి ఈ కాయితం రాయమల్లుకు సదివి వినిపియ్యి. తనకు పిచ్చి లేసిందని పాపం ఆయనకింక తెల్వది.”