ప్యూమా చేసిన పని కాదు

"ఇది ప్యూమా చేసిన పని కాదు," అన్నాడు ఇలారియో, చచ్చిన మూడు గొర్రెల్లో ఒకదాని మీది గడ్డిని కర్రతో పక్కకి నెడుతూ.

కాపరి అనాక్లేతో ఒక అడుగు వెనక్కి వేశాడు.

ఆ లోయలో మందని కాసేది అతనొక్కడే. రేకుల గుడిసె, ఒక గుర్రం, మోరా అనే నల్ల కుక్క. అదే అతని సంసారం. ఇలారియో ప్యూమాలనే కొండపులుల వేటగాడు. గొర్రెలు చచ్చినప్పుడల్లా పటగోనియాలోని ఆ చుట్టుపక్కల ఆసాములంతా అతన్నే పిలుస్తారు. అతను కొట్టిన ప్యూమాల తోళ్ళు ఎన్ని కంచెల మీద ఎండాయో అతనికే గుర్తులేదు.

ఇవాళ మాత్రం ఎవరూ పిలవలేదు. పక్క లోయలో పని ముగించుకుని వెళ్తుంటే ఆకాశంలో రాబందులు కనిపించాయని తనే వచ్చాడు. వేటకుక్కల్ని దూరంగా గుర్రం దగ్గర కట్టేశాడు.

"కాదని ఎలా చెప్తావ్?" అడిగింది మంద యజమానురాలు దోన్యా ఎర్మీనియా.

"ప్యూమా గొంతు పట్టుకుంటుంది. ఒకటే పట్టు. తర్వాత పక్కటెముకల వెనక చీల్చి ముందు గుండె, కార్జం తింటుంది. మిగిలింది కప్పెట్టి, ఆకలేసినప్పుడు మళ్ళీ వస్తుంది. దీన్ని చూడండి. వెనక కాళ్ళు కొరికేసి ఉన్నాయి. చెవులు పీలికలు. కార్జం మాత్రం ముట్టలేదు."

"కాళ్ళు చూడగానే నాకూ అదే అనుమానం వచ్చింది," అంది ఆమె.

"పైగా ఈ లోయలో ఉన్న ఆడ ప్యూమాకి పసి పిల్లలున్నాయి. వాటి ఒంటి మీద మచ్చలింకా పోలేదు. వాటిని రాళ్ళ సందులో వదిలేసి ఇంత దూరం రాదు. దానికి అక్కడే వేటాడుకోడానికి కావలసినన్ని గ్వనాకోలు మేస్తుంటాయి."

"తల్లి కాకపోతే, తల్లిని వదిలేసి తిరుగుతున్న కుర్రది అయ్యుండొచ్చు," అన్నాడు అనాక్లేతో. "వేట సరిగ్గా రానిది. ఎక్కడ దొరికితే అక్కడ కొరుకుతుంది."

"ఆ ఈడుది ఇక్కడ తిరుగుతుంటే ఎప్పుడో తోలు ఒలిచేవాణ్ణి."

"పుట్టి బుద్ధెరిగాక ఒక్క ప్యూమానైనా వెనకేసుకొచ్చావా నువ్వు? పిల్లలకి పేర్లు కూడా పెట్టావా ఏంటి?"

ఇలారియో నవ్వలేదు. "ప్యూమా అని చెప్తే నాకు పని దొరుకుతుంది. అబద్ధమే ఆడాలంటే ఆ అబద్ధం ఆడతాను గానీ, ఇది ఎందుకు ఆడతాను?"

దోన్యా ఎర్మీనియా అనాక్లేతో ముఖంలోకి చూసింది.

"మరి వీటిమీద గడ్డి ఎవరు కప్పారు?"

"ప్యూమా గోళ్ళతో గీరి లాగుతుంది," అన్నాడు ఇలారియో. "మట్టీ, కంపా, రాళ్ళూ అన్నీ వస్తాయి. ఇది కత్తితో కోసిన గడ్డి. మొదళ్ళు చూడండి. మూడింటికీ దుప్పటి కప్పినట్టు కప్పారు."

ప్యూమా ఎలా కప్పుతుందో అనాక్లేతోకీ తెలుసు. భయంలో చేతులు ఆ సంగతి మరిచిపోయాయి.

"నీ కుక్క ఏది?" అంది ఆమె మెల్లగా.

అనాక్లేతో గుడిసె వైపు తిరిగాడు. ఈల వేశాడు. గుడిసె వెనకనుంచి మోరా కుంటుకుంటూ వచ్చింది. మూతి చీరుకుపోయి ఉంది. ఛాతీ మీద నెత్తురు ఎండి అట్ట కట్టింది.

"పొద్దున మందలోంచి ఇలాగే వచ్చింది," అన్నాడు. "భయపడ్డాను. అందుకే కప్పాను. కానీ ఇది చెయ్యలేదు దోన్యా. పాలు మరవని గొర్రెపిల్లలు దీని పొట్ట పక్కనే పడుకుంటాయి. మీరూ చూశారు."

"చెయ్యలేదని అంత నమ్మకముంటే ఎందుకు కప్పావు?" అన్నాడు ఇలారియో.

మోరా దూరంగా ఉన్న వేటకుక్కల వైపు తిరిగింది. వీపు మీది బొచ్చు నిక్కబొడుచుకుంది. గుర్రుమంది.

"చూశారా, పిచ్చి ఇంకా దిగలేదు," అన్నాడు ఇలారియో.

"నీ కుక్కల్ని వదులు," అన్నాడు అనాక్లేతో. "జాడ పట్టనీ. చంపింది ఎటు పోయిందో అవే చెప్తాయి."

"రాళ్ళ మీద నడిచి వాటి అరికాళ్ళు పగిలాయి."

"పెద్దదాన్ని ఒక్కదాన్ని వదులు. కాపోని."

"దాని మూతికి పట్టీ కట్టింది కనబడట్లేదా? ఇవాళ మనుషుల మీద పడుతోంది. అయినా నావి ప్యూమాల కోసం పెంచిన కుక్కలు. నీ కుక్క తప్పు వెతకడానికి కాదు."

"ఇక చాలు," అంది దోన్యా ఎర్మీనియా.

ఆ గడ్డి మైదానాల్లో కోర్టులు లేవు గానీ ఒక కట్టుబాటు ఉంది. గొర్రె నెత్తురు మరిగిన కుక్క, ఎంత గొప్పదైనా, ఎవరిదైనా, ఆ పొద్దు దాటకూడదు. పెంచినవాడే చంపాలి. చంపనివాడికి ఇంకే లోయలోనూ పని దొరకదు.

ఆమె టోపీ తీసింది. "నీ చేత్తోనే కానివ్వు, అనాక్లేతో. దానికి మనం ఇవ్వగల మర్యాద అదొక్కటే."

తర్వాత ఇలారియో వైపు తిరిగింది. "నీళ్ళు మరుగుతున్నాయి. మాతే ఆకు టీ తాగి వెళ్ళు."

"దారి దూరం దోన్యా."

మాతే వద్దన్న మనిషిని ఆమె అదే మొదటిసారి చూడటం. కుక్కని పోగొట్టుకుంటున్నవాడి ముందు తాగలేక అనుకుంది. మంచివాడు అనుకుంది.

అనాక్లేతో తుపాకీ తీసుకుని గుడిసె వెనక్కి నడిచాడు. మందలోకి వెళ్తున్నామనుకుని మోరా తోకాడిస్తూ ముందు నడిచింది.

తుపాకీ పేలినప్పుడు ఇలారియో కొండ సగం ఎక్కాడు. వెనక్కి తిరగలేదు. గుర్రాన్ని అదిలించాడు.

కొండ అవతల, వాగు ఒడ్డున, ఇలారియో గుర్రం దిగి, కాపో మూతికి కట్టిన పట్టీ విప్పి, దాని పళ్ళ సందుల్లో ఇరుక్కున్న గొర్రె ఉన్నిని కత్తిమొనతో ఒక్కొక్క పోగే తీయడం మొదలుపెట్టాడు.