కంటి మీద బొట్టు

ఆయుధపూజ మర్నాడు పేరమ్మ ఇంటి కంప్యూటరు లేవలేదు. గాజుకన్నుతో మనిషిని చూస్తేగాని అది పొయ్యి వెలిగించదు. ఊళ్ళో అగ్గిపెట్టెలు మానేసి ఇరవయ్యేళ్ళయింది. చంటి మనవరాలు పాలకోసం గుక్కపట్టి ఏడుస్తోంది.

రిపేరుకొచ్చిన మస్తాన్‌బీ దాన్ని చూసి నవ్వింది.

"దీని కంటిమీదే కుంకం పెట్టావు పిన్నీ! తుడిచెయ్యి."

"పూజలో పెట్టిన బొట్టు చెరిపేస్తానా? నా వల్ల కాదమ్మా."

పిల్ల ఏడుపు హెచ్చింది. మస్తాన్‌బీ కుంకుమభరిణ అందించింది.

"ముందు కంటికి రెండంగుళాలు పైన ఇంకోటి పెట్టు. తర్వాత కిందిది నేను తుడుస్తా. ఒక్క క్షణమన్నా బోసిగా ఉండదు."

పేరమ్మ పైన బొట్టు పెట్టింది. మస్తాన్‌బీ కొంగుతో తుడిచింది. కంప్యూటరు కన్ను తెరిచింది.

"పేరమ్మగారూ, పాలు కాచనా?"

"కాచు తల్లీ," అని దానికి చెప్పి, పేరమ్మ మస్తాన్‌బీ గడ్డం పుణికింది. "నీ కడుపు చల్లగుండ!"